పూరణ స్లైడ్లు: చిన్న తరగతుల పిల్లలు నింపే ప్రదర్శన నమూనాలు

ప్రదర్శన సాఫ్ట్‌వేర్‌లో ఉపాధ్యాయులు ముందుగా తయారుచేసి, పిల్లలు తమ జవాబులతో నింపేందుకు ఖాళీలు విడిచిన స్లైడును పూరణ స్లైడు అంటారు. ఒకే పాఠానికి చెందిన ఇలాంటి స్లైడ్లను ఒక ఫైలుగా కూర్చి, ఎన్నిసార్లయినా నకలు తీసుకునేలా భద్రపరిస్తే అది పూరణ స్లైడు నమూనా. ఉపాధ్యాయుల వాడుకలో దీనికి ‘పీపీటీ వర్క్‌షీట్’, ‘డిజిటల్ వర్క్‌షీట్’ అన్న పేర్లున్నాయి. ఈ వ్యాసం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు పనికొచ్చే నమూనాల చరిత్రను, రకాలను, తయారీ విధానాన్ని, తెలుగు లిపికి సంబంధించిన ప్రత్యేక అంశాలను వివరిస్తుంది. ఉదాహరణలకు విశాఖపట్నం ఓడరేవును, ఉక్కు కర్మాగారాన్ని ఆధారం చేసుకుంది.

నిర్వచనం, పరిధి

మామూలు పాఠ్య స్లైడును పిల్లలు చూస్తారు. పూరణ స్లైడులో పని చేస్తారు: అక్షరాలు టైపు చేస్తారు, బొమ్మను లాగి చోటు మారుస్తారు, గీత గీసి జతపరుస్తారు, రంగు నింపుతారు, గొంతు రికార్డు చేస్తారు. అందుకే ఈ స్లైడులో రెండు భాగాలుంటాయి. ప్రశ్న, బొమ్మ, సూచన, గళ్లు పిల్లల చేతిలో చెదిరిపోకూడని స్థిర భాగం. పిల్లలు రాసేది, కదిపేది చర భాగం. ఏది కదలాలి, ఏది కదలకూడదు అన్న నిర్ణయమే నమూనా తయారీకి పునాది. అందమైన నేపథ్యాలు, గంతులేసే బొమ్మలు ఎన్ని పెట్టినా ఈ నిర్ణయం తప్పితే స్లైడు పనిచేయదు.

క్విజ్ యాప్, వీడియో పాఠం, ఆన్‌లైన్ పరీక్ష ఈ పరిధిలోకి రావు. క్విజ్ యాప్ జవాబును తీసుకుని మార్కు చెప్పి వదిలేస్తుంది. పూరణ స్లైడు మాత్రం పిల్లవాడి పనితో సహా ఒక పత్రంగా మిగులుతుంది. దాన్ని మళ్లీ తెరవవచ్చు, దిద్దవచ్చు, అచ్చు వేసి గోడకు అంటించవచ్చు.

చరిత్ర: పలక నుంచి ప్యానెల్ వరకు

దిద్దుకోవడం, నింపడం తెలుగు బడికి కొత్త కాదు. పలక మీద గురువు రాసిన అక్షరం మీదే బలపంతో దిద్దించడం, చుక్కల అక్షరాల కాపీ పుస్తకం, ‘ఖాళీలను పూరించండి’, ‘జతపరచండి’ అనే అభ్యాసాలు కంప్యూటర్ రాకముందే స్థిరపడిన పద్ధతులు. చిత్తూరు ప్రాంతంలోని రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం బహుళ తరగతుల బడుల కోసం రూపొందించిన కృత్య కార్డులు, అభ్యసన నిచ్చెన ఈ సంప్రదాయంలో చెప్పుకోదగిన మెట్టు. పిల్లలు తమ స్థాయికి తగిన కార్డు తీసుకుని, దాని మీదున్న పని పూర్తిచేసి తర్వాతి కార్డుకు వెళతారు. నేటి స్లైడు నమూనాల్లో మంచివి అనుసరించే క్రమం ఇదే.

విద్యా పరిశోధనలో ఖాళీకి ప్రత్యేక స్థానం దక్కింది ఇరవయ్యో శతాబ్దం మధ్యలో. 1953లో విల్సన్ టేలర్ పాఠ్యభాగంలో నిర్ణీత దూరంలో పదాలు తొలగించి చదువరులతో పూరింపజేసే ‘క్లోజ్’ పద్ధతిని ప్రతిపాదించాడు. 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బోధన యంత్రాన్ని ముందుకు తెచ్చాడు. అందులో పాఠం చిన్న చిన్న ఫ్రేములుగా విడిపోతుంది; ఒక్కో ఫ్రేములో ఒక ఖాళీ ఉంటుంది; నింపిన వెంటనే సరైనదో కాదో తెలుస్తుంది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ పిల్లలకు అవసరమైనంత ఆసరా ఇచ్చి క్రమంగా తీసేసే బోధనకు ‘స్కాఫోల్డింగ్’ అని పేరు పెట్టారు. 1986లో డోనా ఓగిల్ ప్రతిపాదించిన ‘తెలిసింది, తెలుసుకోవాలనుకునేది, తెలుసుకున్నది’ అనే మూడు గడుల పట్టిక నేటికీ స్లైడు నమూనాల్లో విరివిగా కనిపిస్తుంది.

1987 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ రూపొందించిన పవర్‌పాయింట్ ఆ ఏడాది ఏప్రిల్‌లో మెకింటోష్ కంప్యూటర్ల కోసం వెలువడింది. ఆ సంవత్సరంలోనే మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుగోలు చేసింది. నొక్కితే మరో కార్డుకు వెళ్లే లింకుల పద్ధతిని విస్తృతంగా పరిచయం చేసిన ఆపిల్ హైపర్‌కార్డ్ కూడా ఆ సంవత్సరం ఆగస్టులోనే వచ్చింది. భారతదేశంలో ప్రాథమిక పాఠశాలలకు కనీసం రెండు గదులు, నల్లబల్ల, బోధన సామగ్రి సమకూర్చే ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలైందీ అప్పుడే. సాఫ్ట్‌వేర్ పుట్టిన నాటికీ, అది ఇక్కడి ప్రాథమిక తరగతికి చేరిన నాటికీ మధ్య మూడు దశాబ్దాలకు పైగా ఎడం ఉండటానికి కారణం ఈ ఒక్క విషయంలోనే తెలుస్తుంది.

2007లో గూగుల్ ప్రదర్శన సాఫ్ట్‌వేర్‌ను వెబ్‌లోకి తెచ్చింది. ఒకే ఫైలులో అనేకమంది ఏకకాలంలో పనిచేసే వీలు దానితో కలిగింది. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూమ్ ప్రతి విద్యార్థికీ ఫైలు నకలు దానంతట అదే ఇచ్చే సౌకర్యం కల్పించింది. నియర్‌పాడ్, పేర్ డెక్ వంటి సాధనాలు ఆ దశకంలోనివే. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా బడులు మూతపడ్డాక పూరణ స్లైడ్ల వాడకం ప్రపంచమంతటా ఒక్కసారిగా పెరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమం 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు అందాయి. 2023 నుంచి ఉన్నత తరగతి గదుల్లో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో, పెన్నుతో రాయగల పెద్ద తెరలు, ప్రాథమిక పాఠశాలల్లో స్మార్ట్ టీవీలు ఏర్పాటయ్యాయి. చిన్న పిల్లలకు వచ్చినది తాకి రాసే తెర కాదు, చూసే తెర అన్న తేడా నమూనా తయారుచేసేవారు గుర్తుంచుకోవలసినది (చూడండి: తరగతి గదిలో వినియోగం).

రకాలు: ఖాళీ స్వభావాన్ని బట్టి

రాత ఖాళీలో పదమో వాక్యమో టైపు చేయాలి. మూడో తరగతి దాటిన పిల్లలకు ఇది పనికొస్తుంది. అంతకంటే చిన్నవారికి లాగి పెట్టే రకమే అనువైనది: అక్షరాల బిళ్లలు, బొమ్మలు, పేరు చీటీలు స్లైడు అంచున ఉంటాయి, పిల్లలు వాటిని సరైన గడిలోకి లాగుతారు. వర్గీకరణ, వరుస క్రమం, పటంలో గుర్తింపు, లెక్కల్లో గుంపులు చేయడం అన్నీ ఈ రకంలోకి వస్తాయి. ఎంపిక రకంలో జవాబు బొమ్మను నొక్కితే లింకు ద్వారా ‘సరిగ్గా చెప్పావు’ అనో, ‘మళ్లీ ఆలోచించు’ అనో ఉన్న మరో స్లైడు తెరుచుకుంటుంది. గీత రకంలో జతపరచడం, దిద్దడం, రంగు వేయడం ఉంటాయి.

ఇవన్నీ ఒకే సరైన జవాబు గల ఖాళీలు. వీటికి భిన్నమైనది తెరచిన ఖాళీ. ‘మీ వీధిలో సముద్రం మీద ఆధారపడి బతికేవారిని అడిగి రెండు వాక్యాలు రాయి’ అన్నప్పుడు జవాబు ఉపాధ్యాయులకు ముందుగా తెలియదు. తరగతిలోని ముప్పై నకళ్లు ముప్పై రకాలుగా తిరిగొస్తాయి. దిద్దడం కష్టం కాబట్టి చాలా నమూనాల్లో ఈ రకం చోటు చేసుకోదు. అయితే పిల్లల సొంత మాట స్లైడు మీదికి వచ్చేది దీనివల్లనే. ఒక్కో నమూనాలో కనీసం ఒక తెరచిన ఖాళీ ఉండటం అవసరం.

నిర్మాణం: స్థిర భాగం, చర భాగం

తయారీ కాగితం మీద మొదలవుతుంది. పాఠం నుంచి పిల్లలు ఏమి చేయగలగాలో ఒక వాక్యంలో రాసుకుని, దానికి తగిన ఖాళీని ఎంచుకుని, తర్వాతే స్లైడుకు రావాలి. ఒక స్లైడుకు ఒకే పని పెట్టడం, సూచన ఐదారు పదాలు దాటకుండా చూడడం, పూర్తయిన ఉదాహరణ ఒకటి ముందుగా చూపడం చిన్న తరగతులకు తప్పనిసరి. పూర్తిగా చదవలేని పిల్లల కోసం సూచన పక్కన చిన్న గుర్తు ఉంచుతారు: పెన్సిల్ బొమ్మ ఉంటే రాయాలని, చెయ్యి బొమ్మ ఉంటే లాగాలని, చెవి బొమ్మ ఉంటే నొక్కి వినాలని. నమూనా పొడవునా ఒక పనికి ఒకే గుర్తు, ఒకే రంగు ఉండాలి.

స్థిర భాగాన్ని పిల్లల చేతికి అందకుండా చేయడానికి మూడు దారులున్నాయి. మొదటిది స్లైడ్ మాస్టర్. అందులోని లేఅవుట్ మీద ఉంచిన బొమ్మ, గీత, అక్షరం మామూలు స్లైడులో కనిపిస్తాయి గానీ కదలవు. రెండోది, మొత్తం స్లైడును బొమ్మగా ఎగుమతి చేసి, ఆ బొమ్మనే కొత్త స్లైడుకు నేపథ్యంగా పెట్టడం. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా సాగే ఉపాయం ఇది. కాకపోతే తర్వాత ఒక్క అక్షరం మార్చాలన్నా మూల ఫైలు ఉండి తీరాలి. మూడోది వస్తువుకు తాళం వేయడం. కొత్త పవర్‌పాయింట్‌లో ఈ సౌకర్యం ఉంది. లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్‌లో వస్తువు స్థానాన్ని, పరిమాణాన్ని మారకుండా కట్టడి చేసే ఎంపిక ఉంది. గూగుల్ స్లైడ్స్‌లో మొదటి రెండు దారులే నమ్మదగినవి.

చర భాగంలో రాత కోసం మాస్టర్ లేఅవుట్‌లో ప్లేస్‌హోల్డర్ పెట్టడం మేలైన పద్ధతి. అందులో ‘ఇక్కడ నీ పేరు రాయి’ అన్న సూచన ఉంచితే, పిల్లలు మొదటి అక్షరం కొట్టగానే అది మాయమవుతుంది. మామూలు టెక్స్ట్ బాక్సులో అదే సూచన రాస్తే పిల్లలు ముందు దాన్ని చెరపాలి. సగం చెరిపి సగం ఉంచిన జవాబులు వస్తాయి. లాగే బిళ్లలకు ఒక చిట్కా ఉంది. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ అవసరమైనప్పుడు దాని నకళ్లు పదో పదిహేనో తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరుస్తారు. పిల్లలు పై బిళ్లను లాగినా కింద మరొకటి ఉంటుంది. నిల్వ తరగనట్టే కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్: ఎడిటింగ్ స్థితి, ప్రదర్శన స్థితి

కొత్తగా నమూనాలు చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పవర్‌పాయింట్‌లో ప్రదర్శన నడుస్తున్నప్పుడు మామూలు టెక్స్ట్ బాక్సులో రాయడం కుదరదు, బొమ్మను లాగడమూ కుదరదు. ఆ రెండు పనులూ ఎడిటింగ్ స్థితిలోనే సాధ్యం. యాక్టివ్‌ఎక్స్ టెక్స్ట్ బాక్సు పెట్టి ప్రదర్శనలో రాయించవచ్చు, మాక్రోలతో లాగించవచ్చు. అయితే యాక్టివ్‌ఎక్స్ విండోస్ కంప్యూటర్లకే పరిమితం. ఆఫీస్ 2024 నుంచి అది ముందే ఆపివేసి వస్తోంది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి అడ్డుకుంటోంది. కాబట్టి ఇతరులతో పంచుకునే నమూనాలో ఈ రెండింటినీ వాడకపోవడం మంచిది.

ఎంపిక రకానికి మాత్రం ప్రదర్శన స్థితి సరిపోతుంది. జవాబు బొమ్మకు లింకు గానీ, నొక్కితే కదిలే ట్రిగ్గర్ యానిమేషన్ గానీ ఇస్తారు. పిల్లలు జవాబు పక్కన ఖాళీ జాగాలో నొక్కితే స్లైడు ముందుకు దూకి ఆట చెడిపోతుంది. ప్రదర్శనను ‘కియాస్క్’ పద్ధతిలో అమర్చితే లింకు ఉన్న చోట నొక్కితేనే కదలిక ఉంటుంది.

ఫైలును టెంప్లేట్ రూపంలో, అంటే పీఓటీఎక్స్‌గా భద్రపరిస్తే, దాని మీద రెండుసార్లు నొక్కినప్పుడు కొత్త నకలు తెరుచుకుంటుంది. అసలు ఫైలు చెడదు. గూగుల్ స్లైడ్స్‌లో లింకు చివరనున్న ‘ఎడిట్’ అనే మాటను ‘కాపీ’గా మార్చి పంపితే, తెరిచినవారికి సొంత నకలు తీసుకోమని అడుగుతుంది. ఇంటర్నెట్ నిలకడగా లేనిచోట లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్ ఉచితంగా, నెట్ లేకుండా పనిచేస్తుంది. కంపెనీ నిర్ణయాల మీద ఆధారపడిన సాధనాలు ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. తరగతుల్లో ఎంతోమంది వాడిన గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో నిలిచిపోయింది. నమూనాను ఎక్కడైనా తెరవదగిన సాధారణ ఫార్మాట్‌లో కూడా ఒక ప్రతి ఉంచుకోవడం అందుకే అవసరం.

లిపి: తెలుగు ఖాళీకి కావలసిన కొలతలు

ఇంగ్లిషు కోసం చేసిన నమూనాను తీసుకుని అక్షరాలు మార్చేస్తే తెలుగు నమూనా కాదు. తెలుగు వరుసకు పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి పదాల్లో ఒకే అక్షరానికి రెండు వత్తులు పడతాయి. వరుసల మధ్య దూరాన్ని ఖచ్చితమైన పాయింట్లలో బిగించితే ఆ వత్తులు తెగిపోతాయి, లేదా కింది వరుస మీద పడతాయి. దూరాన్ని నిష్పత్తిగా ఇచ్చి, ఖాళీ పెట్టె ఎత్తును ఇంగ్లిషుకు కావలసిన దానికంటే బాగా పెంచాలి. పెట్టె నిండితే అక్షరాలను దానంతట అదే చిన్నవి చేసే ‘ఆటోఫిట్’ను ఆపాలి. లేకపోతే ఎక్కువ రాసిన పిల్లల అక్షరాలు చదవలేనంత కుదించుకుపోతాయి.

ఫాంటు యూనికోడ్‌లో ఉండి తీరాలి. తెలుగుకు యూనికోడ్‌లో 128 స్థానాల విభాగం 1991 నాటి తొలి కూర్పు నుంచే ఉంది. అను వంటి పాత ముద్రణ ఫాంట్లలో చేసిన స్లైడు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పైగా పిల్లలు అందులో టైపు చేయలేరు. విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు సిద్ధంగా ఉంటాయి. వీటి కొలతలు వేరు కాబట్టి, కంప్యూటర్‌లో నిర్మలతో అమరిన వాక్యం ట్యాబ్‌లో పెట్టె దాటి పోవచ్చు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఒకే ఫాంటును అన్ని యంత్రాల్లో వేసుకోవడం గానీ, ఫైలులోనే పొదగడం గానీ చేస్తే ఈ చిక్కు తీరుతుంది. అక్షరాలు గుర్తుపట్టడం ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు అలంకార ఫాంట్లు వాడరాదు. ‘మ’, ‘య’, ‘ప’, ‘వ’, ‘ఘ’, ‘ఝ’ మధ్య తేడా స్పష్టంగా తెలిసే ఫాంటే కావాలి.

అక్షరాల బిళ్లలు చేసేటప్పుడు బిళ్లను దేనికి కట్టాలన్నది ముఖ్యం. ‘విశాఖపట్నం’ పిల్లల లెక్కలో ఐదు అక్షరాలు: వి, శా, ఖ, ప, ట్నం. కంప్యూటర్ లెక్కలో అవే పది సంకేతాలు. గుడినో, వత్తునో విడిగా బిళ్ల మీద టైపు చేస్తే దాని పక్కన చుక్కల సున్నా ప్రత్యక్షమవుతుంది. రెండు బిళ్లలను పక్కపక్కన పెట్టినా అవి కలిసి ఒక అక్షరం కావు. పదాలు కూర్చే పాఠానికి పూర్తి అక్షరమే ఒక బిళ్ల కావాలి. గుణింతాలు నేర్పే పాఠంలో గుర్తును విడిగా చూపాలంటే దాన్ని అక్షరంగా కాక బొమ్మగా గీసి పెట్టాలి.

జవాబును యంత్రమే సరిచూసే ఖాళీల్లో మరో చిక్కు ఉంది. ‘ఫుట్‌బాల్’ అన్న పదంలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం ఉంటుంది. పిల్లలు ఆ సంకేతం లేకుండా టైపు చేస్తే ‘ఫుట్బాల్’ అని వస్తుంది. పోల్చే యంత్రం తప్పు అంటుంది. ఊరి పేరును విశాఖపట్నం, విశాఖపట్టణం, విశాఖ, వైజాగ్ అని రాసేవారున్నారు. అంగీకరించే రూపాలన్నీ ముందే ఇవ్వలేనప్పుడు తెలుగు రాత ఖాళీని యంత్రానికి అప్పగించకుండా ఉపాధ్యాయులు చూడటమే న్యాయం.

టైపింగ్ స్వయంగా ఒక నైపుణ్యం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన అమరిక. దానిని నేర్పడానికి వ్యవధి కావాలి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతి ఇంకా ఇంగ్లిషు వర్ణక్రమం రాని పిల్లలకు ఉపయోగపడదు. ట్యాబ్‌లో వేలితో రాస్తే, గొంతుతో చెబితే అక్షరాలుగా మార్చే సౌకర్యాలు చిన్న తరగతులకు దగ్గరి దారులు.

నమూనా పాఠం: విశాఖ ఓడరేవు, ఉక్కు కర్మాగారం

పరిసరాల విజ్ఞానంలో తమ ఊరి గురించిన పాఠానికి విశాఖపట్నం కావలసినంత సామగ్రి ఇస్తుంది. నాలుగో తరగతికి తగిన ఒక నమూనాను ఇలా కూర్చవచ్చు.

మొదటి స్లైడు పటం. తీరరేఖ, మేఘాద్రి గెడ్డ, నౌకలు వచ్చే కాలువ, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ స్థిర భాగంలో ఉంటాయి. లోపలి హార్బర్, బయటి హార్బర్, ఫిషింగ్ హార్బర్, నౌకా నిర్మాణ కేంద్రం, గంగవరం ఓడరేవు అన్న చీటీలను పిల్లలు లాగి పెడతారు. చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వేంకటేశ్వర కొండ అనే మూడు కొండలకు బొమ్మ చీటీలు ఇస్తే, చదవడంలో వెనకబడిన పిల్లలు కూడా పటంలో పాల్గొనగలుగుతారు. పటంలో దిక్కుల గుర్తు తప్పనిసరి. తూర్పున సముద్రం కళ్లెదుటే ఉన్న ఊరు కాబట్టి దిక్కులు నేర్పడం ఇక్కడ తేలిక.

రెండో స్లైడు కాలరేఖ. 1933లో ఓడరేవు వాణిజ్య నౌకలకు తెరుచుకోవడం, అక్టోబరు 7న తొలి నౌక జలదుర్గ రావడం. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన. 1948లో అక్కడ తయారైన జలఉష జలప్రవేశం. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం. 2002లో కురుసుర జలాంతర్గామి బీచ్ రోడ్డులో ప్రదర్శనశాల కావడం. సంవత్సరాలు స్థిరం, సంఘటనల బొమ్మలు చరం. ఆరు సంఘటనల్లో రెండింటిని ముందే అమర్చి చూపితే మిగిలిన నాలుగింటికి ఆసరా దొరుకుతుంది. చివరన ఏడో గడి ఖాళీగా ఉంటుంది: ‘నువ్వు పుట్టిన సంవత్సరం ఎక్కడ వస్తుంది?’ దీంతో పిల్లలకు ఆ గీత మీద తమ చోటు కనిపిస్తుంది.

మూడో స్లైడు వరుస క్రమం: ఉక్కు ఎలా తయారవుతుంది? విశాఖ ఉక్కు కర్మాగారం సముద్ర తీరాన నిర్మించిన దేశపు తొలి సమీకృత ఉక్కు కర్మాగారం. బైలడిల్లా ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీద వస్తుంది. కోకింగ్ బొగ్గు ఓడల్లో దిగుతుంది. బొగ్గు కోక్ ఓవెన్లలో కోక్‌గా మారుతుంది. పొడి ఖనిజం సింటర్ ప్లాంటులో గడ్డకడుతుంది. బ్లాస్ట్ ఫర్నెస్‌లో ద్రవ ఇనుము వస్తుంది. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది దాన్ని ఉక్కు చేస్తారు. పోత పోసి, రోలింగ్ మిల్లులో కడ్డీలు, తీగచుట్టలు లాగుతారు. తొమ్మిదేళ్ల పిల్లలకు ఇన్ని దశలు ఎక్కువ. ఖనిజం, కొలిమి, ఉక్కు, కడ్డీ, ఇంటి శ్లాబు అనే ఐదు బొమ్మలకు కుదిస్తే వరుస నిలుస్తుంది. వివరం కావలసినవారికి బొమ్మను నొక్కితే తెరుచుకునే అదనపు స్లైడు పెడతారు. ఇక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నెస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. పిల్లలు ఇష్టంగా గుర్తుపెట్టుకునే ఇలాంటి వివరాలకు ఆ అదనపు స్లైడే చోటు.

నాలుగో స్లైడు వర్గీకరణ: రేవుకు వచ్చేవి, రేవు నుంచి వెళ్లేవి. కోకింగ్ బొగ్గు, ఎరువులు దిగుమతి గడిలోకి, ఇనుప ఖనిజం, దామన్‌జోడి నుంచి వచ్చే అల్యూమినా ఎగుమతి గడిలోకి వెళతాయి. ఇలాంటి గళ్ల మధ్య ‘రెండూ’ అన్న మూడో గడి ఉంచితే చర్చకు తావు ఉంటుంది.

ఐదో స్లైడు తెరచిన ఖాళీ. ‘ఇంట్లో గానీ వీధిలో గానీ పెద్దవారిని ఒకరిని అడుగు: మీరు చిన్నప్పుడు ఈ ఊరు ఎలా ఉండేది?’ పెద్ద గడి, బొమ్మ గీసుకునే చోటు, గొంతు రికార్డు చేసే గుర్తు ఉంటాయి. ‘మీ నాన్న ఎక్కడ పనిచేస్తారు?’ అని అడగరాదు. తరగతిలో కర్మాగార ఉద్యోగుల పిల్లలు, జాలరిపేటల పిల్లలు, వలస కూలీల పిల్లలు, ఉక్కు కోసం భూములిచ్చిన గ్రామాల వారి మనవలు, తండ్రి లేని పిల్లలు కలిసి కూర్చుంటారు. ఖాళీ ఎవరినీ నొప్పించకుండా, అందరికీ రాయదగిన జవాబు ఉండేలా ప్రశ్నను అడగడం సాంకేతిక నైపుణ్యమంత ముఖ్యమైన పని. ఈ స్లైడులో పిల్లలు ఇంట్లో మాట్లాడే ఉత్తరాంధ్ర పలుకుబడితో రాసినా దాన్ని తప్పుగా దిద్దరు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత పాడేరు, అరకు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు చేసిన పటం స్లైడ్లను సవరించుకోవాలి. పాడేరు ఏజెన్సీ బడుల్లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. రాష్ట్రంలో 2004 నుంచి బహుభాషా విద్యలో ఈ భాషలకు చోటు ఉంది. అక్షరం కంటే బొమ్మ, గొంతు ఆధారంగా నడిచే ఖాళీలు వారికి తొలి మెట్టు.

తరగతి గదిలో వినియోగం

ప్రతి పిల్లవాడికీ ఒక పరికరం, ఒక నకలు అన్నది కంప్యూటర్ ల్యాబు ఉన్న కొన్ని బడులకే సాధ్యం. ఐఎఫ్‌పీ ఉన్న గదిలో నమూనా ఒకటే తెరుచుకుంటుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఒక్కో ఖాళీ నింపుతారు. ప్యానెల్ పెన్నుతో ప్రదర్శన మీద రాసిన గీతలు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఫైలులో మిగలవు. అవి కావాలంటే తెరను బొమ్మగా భద్రపరచాలి. వరసలో నిలబడిన పిల్లలు ఖాళీగా ఉండకుండా అదే స్లైడు కాగితం ప్రతి వారి చేతిలో ఉండాలి.

స్మార్ట్ టీవీ మాత్రమే ఉన్న ప్రాథమిక పాఠశాలలో స్లైడు తెర మీద, జవాబు పలక మీద ఉంటుంది. పిల్లలు పలకలెత్తి చూపుతారు. ఉపాధ్యాయులు ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో ఖాళీ నింపుతారు. దీన్ని తక్కువరకం వాడకంగా చూడనవసరం లేదు. తరగతి మొత్తం ఒకేసారి జవాబిచ్చే అవకాశం దీనిలోనే ఎక్కువ.

అచ్చు వేయాలనుకుంటే స్లైడు కొలతను మొదటే ఏ4గా పెట్టుకోవాలి. పవర్‌పాయింట్ మామూలుగా ఇచ్చే 16:9 వెడల్పు స్లైడును అచ్చు వేస్తే కాగితంలో కొంత భాగం వృథా అవుతుంది. నలుపు తెలుపు అచ్చులో రంగుల ఆధారంగా ఇచ్చిన సూచనలు పోతాయి కాబట్టి, రంగుతోపాటు ఆకారం కూడా మారాలి. రంగుల తేడా తెలియని పిల్లలకూ ఇదే మేలు చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. స్లైడులో రెండు భాషలనూ ఒకేచోట ఇరికించడం కంటే రెండు లేఅవుట్లు చేసి, లింకుతో మార్చుకునే వీలు ఇవ్వడం నయం.

మదింపు, పరిమితులు

నింపిన స్లైడు పిల్లల ఆలోచనకు ఆనవాలు. తప్పు గడిలో పెట్టిన చీటీ, సగంలో వదిలేసిన వాక్యం ఉపాధ్యాయులకు తర్వాతి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్న లక్ష్యాన్ని పెట్టింది. దానికి కావలసిన నిరంతర పరిశీలనలో ఈ నమూనాలు సాక్ష్యంగా నిలుస్తాయి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు అదే స్లైడును కొత్త నకలుగా ఇచ్చి పోల్చి చూడటం ఒక పద్ధతి.

పరిమితులూ స్పష్టమే. బిళ్లను లాగడం చేతిరాతకు ప్రత్యామ్నాయం కాదు. వేళ్ల పట్టు, అక్షరం మలుపు తెర మీద రావు. ఎంపిక స్లైడులో పిల్లలు అన్ని జవాబులూ వరసగా నొక్కి సరైనదాన్ని పట్టుకోవచ్చు. కదలికలు, శబ్దాలు ఎక్కువైతే పాఠం వెనక్కిపోతుంది. తయారీకి పట్టే సమయం ఉపాధ్యాయుల సొంత సమయంలోంచే వస్తుంది. అందుకే ఒక బడి చేసిన నమూనా మరో బడికి అందడం అవసరం. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదిక, మండల స్థాయి ఉపాధ్యాయ సమావేశాలు, వాట్సాప్ బృందాలు ఇందుకు దారులు. వాట్సాప్‌లో స్లైడును బొమ్మగా కాక డాక్యుమెంటుగా పంపాలి. బొమ్మగా పంపితే స్పష్టత తగ్గడమే కాక ఖాళీలు నింపే వీలూ పోతుంది.

హక్కులు, పిల్లల సమాచార భద్రత

నమూనాలో వాడే ఫొటోలు, బొమ్మలు క్రియేటివ్ కామన్స్ వంటి ఉచిత లైసెన్సులున్నవై ఉండాలి. వికీమీడియా కామన్స్‌లో విశాఖ ఓడరేవు, నౌకలు, తీరం ఫొటోలు దొరుకుతాయి. చిత్రకారుల పేరు చివరి స్లైడులో ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, ఆ లైసెన్సుల్లో చాలావాటి షరతు కూడా. నౌకాదళం, ఓడరేవు నిషేధిత ప్రాంతాలున్న ఊరిలో పిల్లలతో ఫొటోలు తీయించే పని పెట్టేటప్పుడు ఎక్కడ అనుమతి లేదో ముందే చెప్పాలి.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారిని పిల్లలుగా నిర్వచించి, వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. పూరణ స్లైడులో పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ముఖం ఫొటో అడగకపోవడం ఉత్తమం. రోల్ నంబరు గానీ, పిల్లలే ఎంచుకున్న గుర్తు గానీ సరిపోతుంది. ఎవరైనా తెరవగల లింకుతో నింపిన నకళ్లను పంచరాదు. విద్యా సంవత్సరం ముగిశాక నింపిన నకళ్లను పిల్లలకు అచ్చు రూపంలో అందజేసి, ఉమ్మడి కంప్యూటర్ల నుంచి తొలగించి, ఖాళీ నమూనాను మాత్రం తేదీ, తరగతి, పాఠం పేరుతో తర్వాతి ఏడాదికి భద్రపరుస్తారు.